మట్టల ఆదివారం: మట్ట చేతికెలా వచ్చింది?

ఈస్టర్‌కు ముందు వచ్చే ఆదివారం పొద్దున్నే ఈత మట్టలో, కొబ్బరి మట్టలో పట్టుకుని పిల్లలు చర్చి ముందు వరస కడతారు. ‘హోసన్నా’ అంటూ ఊరేగింపు కదులుతుంది. అదే మట్టల ఆదివారం. యేసు యెరూషలేములో అడుగుపెట్టిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. జనం చేతుల్లోవి ఖర్జూరపు మట్టలని రాసింది మాత్రం యోహాను ఒక్కడే. మన ఈత ఆ ఖర్జూరానికి దగ్గరి చుట్టం. వృక్షశాస్త్రంలో రెండూ ఒకే ప్రజాతి.

యేసు కంటే ముందే యూదులకు మట్ట గెలుపు గుర్తు. క్రీ.పూ. 141లో సీమోను మక్కబీయుడు పరాయి సైన్యాన్ని వెళ్లగొట్టి యెరూషలేము కోటలోకి నడిచింది మట్టలు, వీణలు, తాళాలతోనే. అందుకే రోమా ఏలుబడిలో, పస్కా పండగ రోజుల్లో జనం మళ్లీ మట్టలు పట్టారంటే వాళ్ల ఆశ ఏమిటో తెలుస్తూనే ఉంది. ‘హోసన్నా’ అన్న మాటకు మూలార్థం కూడా ‘రక్షించు’ అనే.

యేసేమో గాడిద పిల్లనెక్కి వచ్చాడు. సీయోను రాజు అలాగే వస్తాడని శతాబ్దాల ముందే జెకర్యా గ్రంథం చెప్పింది. ఆ వచనం అందరికీ కంఠతా వచ్చు, దాని పక్క వచనం దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఎఫ్రాయిములో రథాలు, యెరూషలేములో గుర్రాలు ఇక ఉండవని, రాజు జనాలకు సమాధానం ప్రకటిస్తాడని అందులో ఉంది. ఎఫ్రాయిము ఉత్తర రాజ్యం, యెరూషలేము దక్షిణ రాజ్యపు రాజధాని. సొలొమోను తర్వాత వేరుపడిన ఆ రెండిళ్ల ఆయుధాలూ ఒక్కసారే పోవాలి.

గాడిదను విప్పి తెచ్చింది ఇద్దరు శిష్యులు. శిష్యులకు ఇదంతా అప్పుడు బోధపడలేదని, యేసు మహిమ పొందాకే గుర్తొచ్చిందని యోహాను దాచకుండా రాశాడు. చెప్పిన పని ముందు చేశారు, దాని అర్థం వెనకొచ్చింది. శిష్యరికం వరస అదే.

ఆ రోజు జ్ఞాపకంగా జరిగే మట్టల ఊరేగింపును కళ్లారా చూసి రాసిన తొలి మనిషి ఎజీరియా అనే యాత్రికురాలు. 4వ శతాబ్దం చివర ఆమె యెరూషలేములో ఉంది. సాయంత్రం ఒలీవల కొండ మీద సువార్త చదివి అందరూ కాలినడకన దిగేవారట. నడవలేని పసివాళ్లను పెద్దలు ఎత్తుకునేవారు. వాళ్ల చేతుల్లోనూ ఖర్జూరమో ఒలీవో ఉండేది. ఎవరూ అలసిపోకూడదని మెల్లమెల్లగా నడిచేవారు.

అక్కడి నుంచి ఈ ఆచారం యూరప్‌కు పాకింది. ఖర్జూరం పెరగని చలి దేశాల్లో విల్లో కొమ్మలు పట్టారు; రష్యాలో ఆ ఆదివారానికి పేరే విల్లో మీద వచ్చింది. మట్టలను దాచి, మరుసటి ఏడాది కాల్చి ఆ బూడిదను విభూది బుధవారం నుదుట పెట్టడం కతోలిక సంప్రదాయం. గెలుపు గుర్తు చివరికి పశ్చాత్తాపపు గుర్తవుతుంది.

క్యాలెండర్ల తేడా వల్ల తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు ఈ పండగను తరచూ వేరే ఆదివారం చేసుకుంటాయి. 2025లో మాత్రం తూర్పు పడమరలు రెండూ ఏప్రిల్ 13నే మట్టలు పట్టాయి. తేదీ కలవడం క్యాలెండర్ పని. పక్క సంఘం వాళ్లతో కలిసి, వాళ్లలో నడవలేనివాళ్ల అడుగుకు తగ్గట్టు మెల్లగా నడవడం మన పని.