క్లీవ్‌లాండ్ అవెన్యూ బస్సు: సీటు ఇవ్వనన్నది ఒక్కరేనా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

రోసా పార్క్స్ పేరు మనలో చాలామంది విన్నదే. పనిచేసి అలిసిపోయిన ఒక నల్లజాతి ఆమె బస్సులో తెల్లాయనకి సీటు ఇవ్వనంది, ఆమెని అరెస్టు చేశారు, దాంతో ఉద్యమం మొదలైంది అని రెండు ముక్కల్లో చెప్పేస్తారు. ఇది అబద్ధం కాదు గానీ ఇందులో సగం మనుషులు లేరు. అందుకే ఈసారి ఆ బస్సు రూటు చరిత్ర మొదట్నుంచీ చూద్దాం.

మోంట్‌గోమరీ అనేది అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్ర రాజధాని. ఊరి నడిమధ్య కోర్ట్ స్క్వేర్ అని ఒక కూడలి ఉంది. బానిసత్వం ఉన్న రోజుల్లో నల్లవాళ్లని నిలబెట్టి వేలం వేసిన చోటు అదే. 1886లో ఈ ఊళ్లో కరెంటు ట్రామ్‌లు మొదలయ్యాయి. ఊరంతా తిరిగే కరెంటు ట్రామ్ అమెరికాలో అదే మొదటిదని చెప్తారు, జనం దాన్ని "మెరుపు రూటు" అని పిలిచేవాళ్లు. సరిగ్గా యాభై ఏళ్లకి, 1936లో, ట్రామ్‌లు తీసేసి బస్సులు వేశారు. బండి మారింది గానీ లోపలి రూలు మారలేదు.

ఆ రూలు 1900 నాటిది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ వేరువేరుగా కూర్చోవాలని నగర పాలకులు చట్టం చేశారు. మన హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి లాంటిదే, ఇక్కడ చక్రాల మీద తిరిగేది. అప్పుడు కూడా నల్లవాళ్లు ఊరుకోలేదు. దాదాపు రెండేళ్లు ట్రామ్ ఎక్కడం మానేశారు. అంటే 1955 పోరాటానికి యాభై ఏళ్లకి పైగా ముందే ఒక పోరాటం జరిగిందన్నమాట. అది నిలబడలేదు, దాని గురించి మాట్లాడేవాళ్లూ తక్కువే.

1950ల బస్సులో 36 సీట్లు. ముందు పది తెల్లవాళ్లవి. వెనక పది నల్లవాళ్లవి. మధ్యలో పదహారు డ్రైవర్ ఇష్టం. ముందు సీట్లు నిండి ఒక్క తెల్లాయన నిలబడినా సరే, మధ్య వరసలో ఉన్న నలుగురు నల్లవాళ్లూ లేవాల్సిందే, ఎందుకంటే ఒకే వరసలో పక్కపక్కన కూర్చోకూడదు. ఇంకో ఆచారం, ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాలి. ఈలోపు డ్రైవర్ బండి కదిలించేసిన రోజులూ ఉన్నాయి. ఇంతా చేసి, ఆ బస్సుల్లో ప్రయాణికులు దాదాపు ముప్పావు వంతు నల్లవాళ్లే. కంపెనీ బతికేదే వాళ్ల డబ్బుల మీద. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు 1955కి వద్దాం. మార్చి 2న క్లాడెట్ కోల్విన్ అనే పదిహేనేళ్ల హైస్కూలు అమ్మాయి స్కూలు నుంచి ఇంటికి బస్సులో వస్తోంది. లేవమన్నారు, లేవలేదు. పోలీసులు బేడీలు వేసి తీసుకెళ్లారు. పోలీసుల మీద దాడి చేసిందని కేసు కూడా పెట్టారు. అక్టోబర్‌లో మేరీ లూయీ స్మిత్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయిది కూడా ఇదే కథ. అంతకుముందు ఏప్రిల్‌లో ఆరీలియా బ్రౌడర్ అనే ఆమెని అరెస్టు చేశారు. అంటే రోసా పార్క్స్ కంటే ముందే, అదే ఏడాదిలో, అదే ఊళ్లో కనీసం ముగ్గురు.

మరి ఉద్యమం అప్పుడే ఎందుకు రాలేదు? పెద్దలు ఆలోచించారు. కోల్విన్ చిన్నపిల్ల, పేదవాళ్ల వాడ నుంచి వచ్చింది, కోపం ఎక్కువ, తర్వాత గర్భవతి కూడా అయింది. పేపర్లవాళ్లు, అవతలి లాయర్లు ఆ అమ్మాయిని చీల్చి చెండాడతారని వెనక్కి తగ్గారు. ఆ పిల్ల ధైర్యం పనికొచ్చింది గానీ ఆ పిల్ల ముఖం పనికిరాలేదు.

1955 డిసెంబర్ 1, గురువారం సాయంత్రం. రోసా పార్క్స్‌కి 42 ఏళ్లు. ఒక పెద్ద బట్టల షాపులో కుట్టుపని. కోర్ట్ స్క్వేర్ దగ్గర క్లీవ్‌లాండ్ అవెన్యూ బస్సు ఎక్కింది. ఆమె ఉండేది ఆ అవెన్యూ మీదే. డ్రైవర్ ఎవరో ఎక్కాక గానీ చూసుకోలేదు. 1943లో ఆమెని దింపేసి వెళ్లిపోయిన డ్రైవరే అతను, పన్నెండేళ్లుగా అతని బస్సు ఎక్కకుండా తప్పించుకుంటూ వచ్చింది. లేవమన్నాడు, ఆ వరసలో ముగ్గురు లేచారు, ఆమె లేవలేదు. ఒళ్లు అలిసి కాదు, తలొగ్గీ తలొగ్గీ విసిగిపోయానని తర్వాత ఆమే చెప్పుకుంది. ఆమె అమాయకంగా బస్సెక్కిన మనిషి కూడా కాదు. అప్పటికే ఏళ్ల తరబడి నల్లవాళ్ల హక్కుల సంఘం స్థానిక శాఖలో కార్యదర్శిగా పనిచేసింది, ఆ ఎండాకాలమే ఉద్యమకారుల శిక్షణ కేంద్రానికి వెళ్లి వచ్చింది.

ఆ రాత్రి ఏం జరిగిందో మన స్టూడెంట్స్ తప్పక తెలుసుకోవాలి. జో ఆన్ రాబిన్సన్ అనే ఆమె అక్కడి నల్లవాళ్ల కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్, మహిళల రాజకీయ మండలి నాయకురాలు. 1954 మేలోనే మేయర్‌కి ఉత్తరం రాసింది, పద్ధతి మార్చకపోతే బస్సులెక్కడం మానేస్తామని. పార్క్స్ అరెస్టు సంగతి తెలియగానే అర్ధరాత్రి కాలేజీకి వెళ్లి, ఒక తోటి అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులతో కలిసి సైక్లోస్టైల్ మెషీన్ మీద పదుల వేల కరపత్రాలు తీసింది. తెల్లారేసరికి కట్టలు కట్టి సిద్ధం. శుక్రవారమే అవి స్కూళ్లకి, దుకాణాలకి, ఇళ్లకి చేరాయి. సోమవారం, డిసెంబర్ 5న, బస్సులు ఖాళీగా తిరిగాయి. ఆ రోజే కోర్టు పార్క్స్‌కి 10 డాలర్ల జరిమానా, 4 డాలర్ల ఖర్చులు వేసింది. ఆ రోజే పుట్టిన సంఘానికి 26 ఏళ్ల పాస్టర్ ఒకాయన అధ్యక్షుడయ్యాడు. ఆయనే మార్టిన్ లూథర్ కింగ్.

మొదట వాళ్లు అడిగింది చాలా చిన్నది. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి, ముందొచ్చినవాళ్లు ముందు కూర్చోవాలి (నల్లవాళ్లు వెనక నుంచి, తెల్లవాళ్లు ముందు నుంచే), నల్లవాళ్లు ఎక్కువగా ఎక్కే రూట్లలో నల్ల డ్రైవర్లని పెట్టాలి. అంతే. విభజన తీసేయమని కూడా అడగలేదు. అది కూడా ఇవ్వమన్నారు. దాంతో పోరాటం ముదిరింది.

పని మానుకోకుండా బస్సు మానడం మాటలా? టాక్సీవాళ్లు బస్సు ఛార్జీకే, అంటే 10 సెంట్లకే ఎక్కించుకున్నారు, కనీసం 45 సెంట్లు తీసుకోవాలని నగరపాలిక అడ్డుపడింది. అప్పుడు సొంత కార్లున్నవాళ్లు బయటికి తీశారు. సుమారు 300 కార్లు, ఎక్కే చోట్లు, దిగే చోట్లు, టైములు. ఒక బస్సు కంపెనీకి పోటీగా జనమే ఇంకో రవాణా నడిపారు. జార్జియా గిల్మోర్ అనే వంటామె కొంతమంది ఆడవాళ్లతో కలిసి తిండి వండి, అమ్మి, ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చేది. మిగతావాళ్లు నడిచారు. కింగ్ ఇంటి మీద బాంబు పడింది. దాదాపు 90 మంది మీద కేసులు పెట్టారు. అయినా నడిచారు.

అసలు మలుపు కోర్టులో. 1956 ఫిబ్రవరి 1న లాయర్ ఫ్రెడ్ గ్రే ఫెడరల్ కోర్టులో కేసు వేశాడు. అందులో రోసా పార్క్స్ పేరు లేదు. ఆమె కేసు రాష్ట్ర కోర్టుల్లో నలుగుతోంది కాబట్టి ఆమెని కలపలేదు. ఉన్నవాళ్లు ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీ స్మిత్, క్లాడెట్ కోల్విన్. ఐదో ఆమె బెదిరింపులకి తట్టుకోలేక తప్పుకుంది. పనికిరాదని పక్కన పెట్టిన పిల్లే కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పింది. జూన్ 5న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు విభజన రాజ్యాంగ విరుద్ధమన్నారు. నవంబర్ 13న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. డిసెంబర్ 21న, 381 రోజుల తర్వాత, నల్లవాళ్లు బస్సెక్కి నచ్చిన చోట కూర్చున్నారు.

అంతటితో అయిపోలేదు. కొద్ది రోజులకే బస్సుల మీద కాల్పులు జరిగాయి, ఒక గర్భిణి కాళ్లకి తూటాలు తగిలాయి. పార్క్స్ ఉద్యోగం పోయి 1957లో డెట్రాయిట్ వెళ్లిపోయింది. కోల్విన్ న్యూయార్క్ వెళ్లి వృద్ధుల ఆశ్రమంలో ఆయాగా ఏళ్ల తరబడి పనిచేసింది. 1955 నాటి ఆమె కేసు రికార్డుని కోర్టు కొట్టేసింది 2021లో, ఆమెకి 82 ఏళ్లప్పుడు. పార్క్స్ ఎక్కిన 2857 నంబరు బస్సు ఏళ్ల తరబడి ఒక పొలంలో పనిముట్లు దాచుకునే షెడ్డులా పడి ఉండి, 2001 వేలంలో దాదాపు 5 లక్షల డాలర్లకి అమ్ముడై మ్యూజియంకి చేరింది. క్లీవ్‌లాండ్ అవెన్యూ ఇప్పుడు రోసా పార్క్స్ అవెన్యూ.

పార్క్స్‌ని తక్కువ చేయడానికి ఇది రాయలేదు. ఆమె లేకపోతే ఆ సోమవారం లేదు. కానీ ముఖం ఒకరిది అయితే, కరపత్రం ఇంకొకరిది, కారు ఇంకొకరిది, వంట ఇంకొకరిది, కేసులో సంతకం నలుగురిది. మన సంఘాల్లో కూడా స్టేజీ మీద ఎవరు కూర్చోవాలి, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఉండాలి అన్న దగ్గర "ఆ పిల్ల వద్దులే, మాట దురుసు, ఇంటి పరిస్థితి బాలేదు" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. అలా అన్నప్పుడు ఒక్కసారి కోల్విన్ పేరు గుర్తుచేసుకోండి. హాస్టల్ మెస్సు సంగతైనా, స్కాలర్‌షిప్ సంగతైనా, మొదట నోరు తెరిచింది ఎవరో మినిట్స్ బుక్కులో పేరుతో సహా రాసి పెట్టండి. తర్వాత రాసేవాళ్లకి అదే ఆధారం.