ఉప్పెన తర్వాత మిగిలిన మాట: దివిసీమ వాసుల జ్ఞాపకాలు – చరిత్ర రచన

చరిత్ర అనగానే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, రాజవంశాల పట్టికలు మనస్సులో మెదలడం సహజం. దేశ రాజధానిలో జనపథ్ మీదనున్న జాతీయ అభిలేఖాగారంలో ప్రభుత్వ పత్రాలు అపారంగా భద్రమై ఉన్నాయి. తీన్‌మూర్తి భవన ప్రాంగణంలోని గ్రంథాలయం స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నవారి మౌఖిక కథనాలను సేకరించి భద్రపరచింది. 2023లో ఢిల్లీలోని దారా షికోహ్ గ్రంథాలయ భవనంలో ప్రారంభమైన దేశ విభజన మ్యూజియం, కాందిశీకుల నోటిమాటను చరిత్రకు ఆధారంగా నిలిపింది. సామాన్యుని జ్ఞాపకం కూడ చరిత్రకు మూలద్రవ్యమేనన్న భావన ఈ విధంగా రాజధానిలో ఆదరణ పొందింది. ఇదే గౌరవం సముద్రతీరాన ఒక మూలనున్న ద్వీపంలోని పల్లెకారులకు, వ్యవసాయ కూలీలకు కూడ దక్కవలసి ఉన్నది. కృష్ణానదీ ముఖద్వారంలోని దివిసీమ ఇందుకు తగిన ఉదాహరణ.

పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ, దక్షిణాన బంగాళాఖాతం హద్దుగా ఏర్పడినదే ఈ దీవి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు ఇందులోనివి. వరి పండించే రైతులు, సముద్రం మీద ఆధారపడిన మత్స్యకారులు, మడ అడవుల అంచుల్లో చేపలు, పీతలు పట్టి జీవించే యానాదులు ఇక్కడ తరతరాలుగా నివసిస్తున్నారు. నది సాగరాన్ని చేరే హంసలదీవిలో మునిగిన నల్లని కాకి తెల్లని హంసగా మారినదన్న స్థలపురాణం ప్రసిద్ధం. కాగితానికెక్కక మునుపు ఆ కథను కాపాడినది జనుల నోరే. దివిసీమకు సంబంధించినంతవరకు మౌఖిక సంప్రదాయం కొత్త విషయం కాదు.

ఈ తీరానికి ఉప్పెన కూడ కొత్త కాదు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించినట్లు అంచనా. ఆ విపత్తును గురించి మనకు తెలిసినది చాలవరకు బ్రిటిష్ అధికారుల నివేదికల వల్లనే. నష్టమెంత, శిస్తు బాకీ ఎంత అన్న వివరాలు వారికి అవసరమయ్యాయి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఏమన్నదో వ్రాసుకోవలసిన అవసరం వారికి కలుగలేదు. నూట అరవై సంవత్సరాలు గడచిన పిమ్మట ఆ మాటను తిరిగి రాబట్టుకొనే మార్గం మనకు లేదు.

1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన విషయంలో మాత్రం మనకు ఇంకా అవకాశమున్నది. ఆనాడు సముద్రం గ్రామాల మీదికి కిలోమీటర్ల కొద్దీ చొచ్చుకు వచ్చింది. తంతి, రహదారి సంబంధాలు తెగిపోవడంతో బయటి ప్రపంచానికి వార్త చేరడమే ఆలస్యమైంది. మృతుల సంఖ్య సుమారు 10,000 అని ప్రభుత్వ లెక్క; అంతకు మించి ఉండవచ్చునని అనేకుల అభిప్రాయం. సొర్లగొంది వంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకు పోయాయి. నాటి రాష్ట్ర మంత్రి, అవనిగడ్డ ప్రాంతీయుడు అయిన మండలి వెంకట కృష్ణారావు బాధితుల నడుమ ఉండి గావించిన సేవను దివిసీమ ఇప్పటికీ తలచుకొంటుంది.

ఈ వివరాలన్నీ పత్రికలలోను, నివేదికలలోను లభిస్తాయి. లభించనిది మరొకటున్నది. కొట్టుకుపోయిన ఊరిలో ఏ ఇంటి ప్రక్కన ఏ ఇల్లుండేది? పడవలు ఎవరు కట్టేవారు? ఏ రేవులో తెల్లవారుజామున చేపల బేరం సాగేది? కుటుంబంలో ఒక్కరే మిగిలినప్పుడు ఆ ఒక్కరిని ఎవరు చేరదీశారు? కోతలకు పొరుగూళ్ళ నుండి వచ్చిన కూలీల పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా? సంఖ్య వల్ల ఎందరు మరణించారో తెలుస్తుంది. ఎవరు, ఏ విధంగా జీవించారో తెలుసుకోవడానికి బ్రతికి బయటపడినవారి మాట తప్ప వేరు దారి లేదు.

జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మవచ్చునన్న సందేహం సమంజసమే. తాటిచెట్టంత అల వచ్చిందని పెద్దలు చెబుతారు. శాస్త్రజ్ఞుల అంచనా సుమారు 5 మీటర్లు. ఈ భేదాన్ని బట్టి వారి మాటను త్రోసిపుచ్చరాదు. కొలబద్ద నీటి ఎత్తును చెప్పింది. తాటిచెట్టు నాటి భయాన్ని చెప్పింది. చరిత్రకారుడు రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి, ఏది దేనికి సాక్ష్యమో వివేచించాలి. ఒకే సంఘటనను పలువురి నుండి విని, పత్రాలతో సరిపోల్చి చూడడమే ఇందుకు మార్గం.

ఇటువంటి ప్రయత్నానికి ఐర్లండులోని గ్రేట్ బ్లాస్కెట్ ద్వీపం చక్కని నిదర్శనం. అక్కడి మత్స్యకారుడు తోమాస్ ఓ క్రోహన్ ఆత్మకథ 1929లో వెలువడింది. పెగ్ సేయర్స్ అనే స్త్రీ చెప్పగా ఆమె కుమారుడు వ్రాసిపెట్టిన జీవితగాథ 1936లో అచ్చయింది. 1953లో ద్వీపంలో మిగిలిన కొద్దిమందిని ప్రభుత్వం ప్రధాన భూభాగానికి తరలించింది. నేడు అక్కడ శిథిలమైన ఇండ్లే ఉన్నా, ఆ దీవి జీవనం మాత్రం పుస్తకాలలో సజీవంగా ఉన్నది. మనుషులు వెళ్ళిపోకముందే మాటను అందుకొన్నందువల్ల అది సాధ్యమైంది.

దివిసీమ కథనాల వల్ల సాంస్కృతిక ప్రయోజనంతోబాటు ప్రాణరక్షణకు సంబంధించిన ప్రయోజనం కూడ ఉన్నది. 1977 తర్వాత తీరం వెంబడి తుపాను రక్షిత భవనాలు వెలిశాయి. హెచ్చరిక వ్యవస్థ మెరుగైంది. 1990 మే నెలలో కృష్ణా తీరాన్ని తాకిన తీవ్ర తుపానులో, ముందుగా ప్రజలను తరలించినందువల్ల మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉన్నది. అయితే హెచ్చరిక విన్నవాడు ఇల్లు విడిచి కదలాలంటే దానిని నమ్మాలి. ఉప్పెనను ఎరుగని తరానికి ఆ నమ్మకం కలిగించగలది అనుభవజ్ఞుల మాటే.

1977లో ఇరవై ఏళ్ళ వయస్సు గలవారు ఇప్పుడు డెబ్బయ్యవ పడికి చేరువలో ఉన్నారు. నాటి పెద్దలలో అధికులు గతించారు. కనుక ఈ పనికి జాప్యం తగదు. కథనాలను వారి యాసలో, వారి ఇంటి అరుగు మీదనే వినాలి. స్త్రీల మాటను ప్రత్యేకంగా వినాలి. చెప్పలేనని ఆగిపోయినవారిని బలవంతపెట్టరాదు. వారి అనుమతి లేనిదే ఏదీ ప్రకటించరాదు. సేకరించిన ప్రతి ఒకటి రాజధానిలోని భాండాగారాలకు చేరవచ్చును. మరొక ప్రతి దివిసీమ గ్రంథాలయాలలో, పాఠశాలలలో తప్పక ఉండాలి. తమ ఊరి కథ వినడానికి ఆ ఊరి పిల్లవాడు ఢిల్లీ దాకా రావలసిన అవసరం ఉండరాదు.

అవనిగడ్డ ప్రాంతంలో ఉప్పెన మృతులకు స్మారక స్తూపం ఉన్నది. ఏటా నవంబరు 19న అక్కడ నివాళులర్పించడం ఆచారం. ఆ స్తూపానికి తోడుగా, బ్రతికినవారి మాటలతో కూడిన మరొక స్మారకాన్ని నిర్మించడం మన తరం బాధ్యత.