తెల్లపులి, నల్లపులి



ఆలమందలో పుట్టిన దూడ కర్రియా, బొల్లియా, పుల్లయా యని చూచి పేరు పెట్టుట మీకు వాడుకయే. అడవి మృగముల విషయమున మనమట్లు చూడము. పులి యనగానే పసుపువన్నె మేనును నల్లని చారలును మన మనస్సున మెదలును. ఆ వన్నె తప్పి పుట్టిన పులులు మన దేశముననే రెండు తీరులవి కలవు. వాని చరిత్రమును నేడు విన్నవించెదను.

మొదటిది తెల్లపులి. 1951 మే నెలలో రీవా మహారాజు మార్తాండ సింగు వేటకేగినపుడు ఒక ఆడపులియు దాని కూనలును కంటబడినవి. కూనలలో నొకటి తెల్లనిది. తల్లి తుపాకికి బలియైనది. తెల్లకూన బోనున జిక్కినది. అప్పటికి దాని వయస్సు సుమారు తొమ్మిది నెలలు. దానికి మోహన్ అని పేరిడి గోవిందగఢ కోటలో పెంచిరి.

అది యెదిగిన పిమ్మట బేగం అను మామూలు వన్నెగల ఆడపులిని జతచేసిరి. మూడు ఈతలలో పది పిల్లలు కలిగినవి. పదియు పసుపువన్నెవే! ఇందు వింత లేదు. ప్రాణి మేనివన్నెను నిర్ణయించు సూక్ష్మాంశమును శాస్త్రజ్ఞులు జన్యువందురు. అది తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున సంతానమునకు సంక్రమించును. తెలుపునకు మూలమైన జన్యువు ఇరువైపులనుండియు వచ్చిననే పైకి దేలును. ఒక్క వైపునుండియే వచ్చెనా, కనబడక లోపల దాగియుండును. మోహన్ పిల్లలన్నియు దానిని దాచుకొన్నవే. అంతట వానిలో రాధ యను కూతురినే తండ్రికి జతపరచిరి. 1958లో నాలుగు తెల్లకూనలు పుట్టినవి: రాజా, రాణి, మోహిని, సుకేశి. 1960 డిసెంబరులో మోహిని సముద్రములు దాటి వాషింగ్టను నగరము చేరెను. అధ్యక్షుడు ఐసెన్‌హోవరు స్వయముగా దానిని చూచెను.

మందలో ఆబోతును మార్చక యేండ్లతరబడి యుంచినచో నేమగునో మీకు నేను చెప్పవలసిన పనిలేదు. జనులు తెల్లపులిని చూడ వేడుకపడిరి, ప్రదర్శనశాలలు పోటీపడినవి, తండ్రికి కూతురిని, అన్నకు చెల్లెలిని జతచేసి వంశమును పెంచిరి. తెలుపుతోబాటు మెల్లకన్నును వచ్చెను. కంటినుండి మెదడునకు బోవు నరములు దారి తప్పుటయే దీనికి హేతువు. దగ్గర రక్తమువలన ఇతరములైన అవకరములును బయల్పడినవి. మన యిండ్లలోని మేనరికములనుగూర్చి వైద్యులు చేయు హెచ్చరికయు ఈ లెక్కమీదనే నిలిచియున్నది. ఆ మాటను ఇంతకుమించి పెంచను.

తెల్లపులి వేరు జాతి యని కొందరందురు. అది పొరపాటు. 2013లో చైనా శాస్త్రజ్ఞులు దాని జన్యువును వెదకిపట్టిరి. ఒకేయొక చిన్న మార్పు పసుపును ఎరుపును అడ్డగించును. చారల నలుపును అంతగా ముట్టదు.

రెండవది నల్లపులి. ఇది ఒడిశాలో మయూరభంజు జిల్లాలోని సిమిలిపాలు అడవులందున్నది. నిజమునకు ఇది మసివంటి నలుపు కాదు. చారలు వెడల్పై ఒకదానిలో నొకటి కలిసిపోవుటచే దూరమునకు నల్లగా తోచును. ఇట్టి పులి కలదని వేటగాండ్రు చిరకాలము చెప్పిరి, వినినవారు నమ్మలేదు. 1993లో ఒక గిరిజన బాలుడు ప్రాణరక్షణకై విల్లంబులతో ఒక ఆడపులిని చంపగా, దాని చర్మము సాక్ష్యమై నిలిచెను. తరువాత అడవిలో నుంచిన కెమేరాలు బ్రతికియున్న నల్లపులులనే చూపినవి.

2021లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు ఉమా రామకృష్ణన్, వినయ్ సాగర్ మున్నగువారు దీని జన్యువును తేల్చిరి. పెంపుడు పిల్లులలో సన్నని చారలను పెద్ద మరకలుగా మార్చునదియు ఈ జన్యువే యట! సిమిలిపాలు పులులలో మూడింట ఒక వంతుకుపైగా ఈ తీరువే. తక్కిన అడవులలో నిట్టివి కానరావు. ఏల? సిమిలిపాలునకును ఇతరములైన పులుల అడవులకును నడుమ పొలములు, పల్లెలు, బాటలు వ్యాపించినవి. క్రొత్త పులి రాదు. ఉన్న కొద్దిపాటి పులులు తమలో తామే జతగూడవలెను. గోవిందగఢ కోటలో మనుష్యుడు బుద్ధిపూర్వకముగా చేసినపనిని ఇచ్చట అడవి హద్దులు చేసినవి. దట్టమైన నీడలో నల్లవన్నె వేటకు అనుకూలమను ఊహ యొకటి కలదు. అందు కొంత సత్యముండవచ్చును గాని, లెక్కలు ముందుగా ఒంటరితనమునే చూపుచున్నవి. అందుచే నా మట్టుకు నాకు తెల్లపులికంటె నల్లపులియే యెక్కువ కలతపెట్టును. తెల్లపులుల జతలను మనము ఎప్పుడైన మాన్పవచ్చును. అడవి నడుమ లేచిన ఊళ్లను తొలగింపగలమా?

అయినను ఒక యత్నము జరిగినది. 2024లో మహారాష్ట్రమందలి తాడోబా అడవినుండి జమున, జీనత్ అను ఆడపులులు రెంటిని క్రొత్త రక్తమునకై సిమిలిపాలునకు తెచ్చిరి. జీనత్ అచ్చట నిలువలేదు. అడవి దాటి జార్ఖండు మీదుగా పశ్చిమ బెంగాలు చేరి, పల్లెలప్రక్కన దినములతరబడి తిరిగెను. డిసెంబరు 29వ తేదీన బాంకురా జిల్లాలో మత్తుసూదితో పట్టి, దానిని మరల సిమిలిపాలునకు చేర్చిరి.