విశ్రాంతి

ఇంటర్వెల్ అనగానే మనకి సినిమాహాలే గుర్తొస్తుంది. తెరమీద ‘విశ్రాంతి’ అని పడగానే పిల్లలకి ఏదో ఒకటి కొనిపెట్టి, పక్కసీటావిడతో రెండు కబుర్లాడి మళ్ళీ కథలో పడతాం. పరుగుపందేల వాళ్ళకీ ఇలాంటి ఇంటర్వెల్ ఒకటుంది. దాని చరిత్ర మన సినిమా కథలకేం తీసిపోదు.

1930లలో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్లర్ అనే శిక్షకుడుండేవాడు. శిష్యుల్ని కొంతదూరం గట్టిగా పరిగెత్తించి, గుండెదడ తగ్గేదాకా ఆపి, మళ్ళీ పరిగెత్తించేవాడు. గుండె బలపడేది పరుగులో కాదు, మధ్యనున్న ఆ విరామంలోనే అని ఆయన నమ్మకం. ఆయన శిష్యుడు హార్బిగ్ 1939లో 800 మీటర్లు 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తాడు. ఆ రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు.

తరవాత చెకొస్లొవేకియాకి చెందిన జాటొపెక్ ఇదే పద్ధతిని తపస్సులా చేశాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఒక్కడే మూడు దూరపు పరుగుల్లో బంగారు పతకాలు గెలిచాడు. ఆయన 5000 మీటర్లు గెలిచిన రోజే భార్య డానా ఈటె విసిరి బంగారం తెచ్చింది. ఆయన పేరు అందరికీ తెలుసు. మరి ఆవిడ పేరు? సర్లెండి, అది మనకి కొత్తేం కాదు!

నాకు నచ్చినవాడు మాత్రం బానిస్టర్. లండన్‌లో వైద్యవిద్యార్థి. చదువుతో తీరిక లేక మధ్యాహ్నం భోజనవేళలోనే సాధన చేసేవాడు. 440 గజాలు పదిసార్లు, మధ్యమధ్య రెండేసి నిమిషాల విరామం. 1954 మే 6న మైలుదూరం 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తి, నాలుగు నిమిషాల గోడ బద్దలుకొట్టాడు.

“రోజూ గంట నడవండి” అని మా డాక్టరమ్మ అన్నప్పుడు, “ఆ గంటే ఉంటే ఇంకో నవల రాసేదాన్ని కదమ్మా” అన్నాను. ఆవిడ నవ్వి జపాన్ సంగతి చెప్పింది. మత్సుమొతోలో హిరోషి నోసే బృందం నడివయసు వాళ్ళనీ పెద్దవాళ్ళనీ మూడు నిమిషాలు వడిగా, మూడు నిమిషాలు మెల్లగా, అలా అయిదుసార్లు నడిపించింది. వారానికి నాలుగు రోజులు చాలు. అయిదు నెలలకి, ఒకే తీరుగా నడిచినవాళ్ళకన్నా వీళ్ళ కాళ్ళకి బలమొచ్చింది, రక్తపోటూ బాగా తగ్గింది. ఈ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. గుండెజబ్బూ మోకాళ్ళనెప్పులూ ఉన్నవాళ్ళు డాక్టర్నడక్కుండా మొదలెట్టకండేం!

ఇప్పుడు నేనూ మేడమీద నడుస్తున్నాను. అరగంటే. వడిగా నడవడం నాకేం కష్టం కాలేదు. కుక్కరుకీ కాలింగ్‌బెల్లుకీ మధ్య పాతికేళ్ళుగా చేస్తున్న పనే అది. మెల్లగా నడవాల్సిన మూడు నిమిషాలే కష్టమయ్యాయి. కాళ్ళు మెట్లవైపు లాగేవి, కింద ఏదో పని మిగిలిపోయినట్టు.

తెరమీదైతే ‘విశ్రాంతి’ అని ఎవరో వేస్తారు. ఇంట్లో మనమే వేసుకోవాలి.