చీటీలు, గూళ్లు, జనసంఖ్య

ఒక గ్రామమున నెంతమంది కలరో చెప్పుట యొక లెక్క. వారిలో స్త్రీలెందరు, పురుషులెందరు, చదువు నేర్చినవారెందరు అని విడదీసి చెప్పుట వేఱొక లెక్క. మొదటిదానికి ఓపిక చాలును. రెండవదానికి ఉపాయము కావలెను.

దాదాపు దేశమంతట నొకే రాత్రి జనులను లెక్కించుట 1881 ఫిబ్రవరి 17వ తేదీన మొదలయ్యెను. చెన్నరాజధానిలోని తెలుగు గ్రామములందు కరణములు మున్నగు గ్రామోద్యోగులు ఈ పనికి పూనుకొనిరి. మనిషికొక వరుసగా పట్టికలు నిండెను. అవి కచ్చేరికి చేరిన పిమ్మట గుమాస్తాలు పెద్ద కాగితములపై గడులు గీచి, ఒక్కొక్క వరుసను చదువుచు తగిన గడిలో నొక్కొక్క గీత గీచెడివారు. గీత పడినంతనే మనిషి మాయమగును. ఆ గీత యెవరిదో చెప్పువారు లేరు. తప్పు గడిలో పడినను పట్టుకొనుట దుర్లభము. మఱియొక విధమైన లెక్క కావలెనన్న పుస్తకములన్నియు మరల తిరుగవేయవలసినదే.

1901లో ఈ పద్ధతిని విడిచి చీటీల పద్ధతి తెచ్చిరి. మనిషికొక చీటి. కాగితపు రంగునుబట్టి మతము తెలియును. చీటిపై గుర్తునుబట్టి స్త్రీపురుష భేదమును, వివాహస్థితియు తెలియును. చీటీలను గూళ్లలోనికి పంచి, గూటిగూటికి లెక్కించి, సంఖ్య వ్రాసికొని, మరల నన్నిటిని కలిపి వేఱొక విధముగ పంచెడివారు. గూళ్ల మొత్తము చీటీల మొత్తమునకు సరిపోవలెను. సరిపోనిచో నెచ్చటనో చీటి జారినదన్నమాట. ఆ యేటి జనసంఖ్య 29 కోట్ల 43 లక్షల పైచిలుకు. అమెరికాలో 1890లోనే హాలరిత్ అనునతడు రంధ్రములు పొడిచిన అట్టలను విద్యుద్యంత్రముచే లెక్కింపజేసెను. మనకు యంత్రము లేదు. కూలికి దొరకు చేతులు మాత్రము కొల్లలుగ నుండెను.

నేడు కంప్యూటరు చీటీల పని చేయుచున్నది. 1970లో కాడ్ అను శాస్త్రజ్ఞుడు దాఖలాలను పట్టికలుగ నుంచు విధానమును ప్రతిపాదించెను. 1974లో ఛాంబర్లిన్, బాయిస్ అనువారు ఆ పట్టికలను ప్రశ్నించుటకు నొక భాషను ప్రకటించిరి. నేడు దానిని ఎస్.క్యు.ఎల్. అందురు. గ్రామమువారీగ వేఱుచేసి లెక్కింపుమని యందులో నొక్క వాక్యము వ్రాసిన, గూళ్లతో పనిలేకయే లెక్క తేలును.

అయితే ఇందొక మోసము కలదు. చదువు నేర్చిన బాలికలను గ్రామమువారీగ లెక్కింపుమన్నచో, అట్టి బాలిక యొక్కతెయు లేని గ్రామము సున్నతో గాదు, అసలు జాబితాలోనికే రాదు. ఏలయన యంత్రము దాఖలాలను చూచి గూళ్లు కట్టును. దాఖలా లేనిచో గూడును లేదు. కొయ్యగూటికి ఈ లోపము లేదు. ఖాళీ గూడు కంటికి ఖాళీగనే కనబడును. బడి మొదట కావలసిన యూరే కాగితమున లేకపోవుట యెంత యన్యాయము!

దీనికి విరుగుడు కలదు. ముందుగ గ్రామములన్నిటి పేర్లును పఱచి, వాని ప్రక్కన బాలికల దాఖలాలను చేర్చి, పిదప లెక్కింపుమనవలెను. అప్పుడైనను బాలిక పేరున్న వరుసలనే లెక్కింపుమని స్పష్టముగ చెప్పవలెను. వరుసలను మాత్రమే లెక్కింపుమన్నచో, ఊరి పేరుండి బాలిక పేరులేని వట్టి వరుసకును యంత్రము ఒకటి వేయును. అట్టి ఒకటి పడిన యూరిని జాబితా చూచి గుర్తింపలేము. ఆ బాలిక పేరేమని యడిగి చూచినగాని తేలదు.