రాక్ తీర్చిన కర్జు

విశాఖ ఆటోనగర్‌లో మాది వెల్డింగ్ షెడ్డు. మొన్న బేటా ఫోన్లో రాక్ పాట పెడితే "ఈ షోర్ మనకెందుకురా!" అని గద్దించాను. "మన ఖవ్వాలీని గోరాలకు వినిపించింది ఎవరబ్బా?" అన్నాడు. జవాబు తవారీఖ్‌లో దొరికింది.

1982లో ఇంగ్లండ్‌లో పీటర్ గాబ్రియెల్, సాథీలు వోమాడ్ అనే సంగీత మేళా పెట్టారు. పేరొచ్చింది గానీ నెత్తిన భారీ కర్జు పడింది. అప్పుడు ఆయన ఎప్పుడో వదిలేసిన జెనిసిస్ బ్యాండ్ దోస్తులే ముందుకొచ్చారు. అక్టోబరు 2న మిల్టన్ కీన్స్ మైదానంలో, వర్షంలో, ఆయనతో కలిసి పాడి ఆ కర్జు తీర్చడానికి ఆసరా అయ్యారు.

మేళా బతికింది. 1985 జులైలో మెర్సీ ద్వీపంలో, న్యూ ఆర్డర్ లాంటి బ్యాండ్లు పాడిన అదే మేళాలో, నుస్రత్ ఫతే అలీ ఖాన్ సాహెబ్ అర్ధరాత్రి మెహఫిల్ మొదలెట్టారు. మన ఉర్సుల్లో ఖవ్వాలీ రంగెక్కే వేళే అది! చాలామందికి లఫ్జ్ తెలియదు, అయినా దిల్ కరిగింది. పశ్చిమ దేశాల్లో ఆయన పేరు మోగడం అక్కడే మొదలు.

సమా జాయెజా కాదా అన్న బహస్ ఉలమాలది, నేను ఫత్వా ఇవ్వను. దోస్తు కర్జు తీర్చడం మాత్రం నేకీయే. బేటాను మాఫీ అడిగాను. ఆ రాత్రి షెడ్డు మూశాక ఇద్దరం ఆ ఖవ్వాలీ విన్నాం.