అదృశ్యవీర స్మారకములు

రణరంగమునఁ బడి దేహము దొరకని యోధునికిని, శత్రువులకుఁ జిక్కి మరలిరాని సైనికునికిని సమాధికి మాఱుగా నేర్పడిన ప్రతీకములు. తెలుఁగునాఁట వీనిలోఁ బ్రాచీనమైనది వీరగల్లు: క్రింద యుద్ధము, నడుమ వీరుని స్వర్గమునకుఁ గొనిపోవు అప్సరసలు, పైని శివలింగార్చన, శిఖరమున సూర్యచంద్రులు. ఆ శిల అస్థికలపైననే నిలువ నక్కఱలేదు. పల్నాటి కారెంపూడిలో నేఁటికిని కార్తికామావాస్య మొదలుకొని జరుగు నుత్సవమునఁ బూజలందునవి వీరుల యాయుధములే.

దేశాంతరమున నదృశ్యుఁడైనవానికై పండ్రెండేండ్లు నిరీక్షించి, పిమ్మట 360 మోదుగ వృంతములతోఁ బ్రతిమఁ గూర్చి దహింపుమని ధర్మశాస్త్రము విధించినది. ఆధునిక సాక్ష్యచట్టము 7 సంవత్సరములకే మృతిని ఊహించుకొనును. గడువుకంటె నా ప్రతిమయే గొప్పది, ఏలయన తాఁకి విలపించుటకు శోకమునకొక రూపమును అది యొసఁగును.

1931లోఁ బ్రారంభమైన ఢిల్లీ ఇండియాగేటుపై 13,000కుఁ బైగా నామములు చెక్కఁబడినవి. 1972లో దానిక్రింద వెలిగిన అమరజవాన్ జ్యోతికడ 2022 వఱకు దేహమునకు బదులు తలక్రిందుగా నిలిపిన తుపాకియు, దానిపై శిరస్త్రాణమును నుండెడివి. 1971 యుద్ధమున గల్లంతైన 54 మంది పాకిస్తాను చెఱలో నుండిరని వారి కుటుంబములు దశాబ్దములుగా విశ్వసించుచున్నవి. పాకిస్తాను ప్రభుత్వము దీని నంగీకరింపలేదు.

సూర్యాపేట జిల్లా వీరుఁడు, 2020 జూన్ 15న గల్వాన్ లోయలోఁ జైనాసేనతోడి సంఘర్షణమునఁ బ్రాణములర్పించిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విగ్రహము సూర్యాపేటలో నున్నది. ఆ సంఘర్షణముననే చైనావారికిఁ జిక్కిన 10 మంది భారతసైనికులు జూన్ 18న విడుదలైరి; చెఱను సహించిన వారి ధైర్యమునకును ఒక శిల తగును.